యూరప్‌లో మోటర్‌హోమ్ రాత్రి మజిలీలు

నిర్వచనం, పరిధి

పడక, వంటిల్లు, సాధారణంగా మరుగుదొడ్డి కూడా తనలోనే ఉన్న వాహనాన్ని మోటర్‌హోమ్ అంటారు. ఐరోపా సమాఖ్య 2018/858 నిబంధన ప్రకారం కూర్చోవడానికి సీట్లు, బల్ల, నిద్రకు ఏర్పాటు, వంటకు ఏర్పాటు, సామాను పెట్టుకునే అరలు ఉంటేనే ఒక వాహనం ఈ తరగతిలోకి వస్తుంది. ఇలాంటి వాహనం ఒక రాత్రి, మహా అయితే రెండు మూడు రాత్రులు నిలిచి, మంచినీళ్లు పట్టుకుని, మురుగు ఖాళీ చేసుకుని సాగిపోయేందుకు కేటాయించిన స్థలమే రాత్రి మజిలీ. ఫ్రాన్స్‌లో దీన్ని ఎర్ ద కాంపింగ్-కార్ అనీ, జర్మనీలో ష్టెల్‌ప్లట్జ్ అనీ, ఇటలీలో ఆరెయా దీ సోస్తా అనీ, నెదర్లాండ్స్‌లో కాంపర్‌ప్లాట్స్ అనీ పిలుస్తారు. పేరు ఏదైనా ఇది మామూలు పార్కింగ్ స్థలమూ కాదు, క్యాంప్‌సైట్ కూడా కాదు. మామూలు పార్కింగ్‌లో నీళ్లు, మురుగు ఏర్పాట్లు ఉండవు. క్యాంప్‌సైట్‌లో స్నానపు గదులు, ఆటస్థలాలు, రిసెప్షన్, రోజుల తరబడి ఉండే హక్కు ఉంటాయి. మజిలీ ఈ రెంటి నడుమ నిలిచిన మూడో ఏర్పాటు.

ఈ మూడో ఏర్పాటు వాహనాన్ని నిలపడానికీ, విడిది చేయడానికీ మధ్య ఉన్న గీత మీద నిలబడింది. చక్రాల మీద నిలిచిన వాహనంలో నిద్రపోవడం నిలపడం కిందకు వస్తుంది. గుడారపు పంచ దించి, కుర్చీలు బయట వేసి, నేల మీద నీళ్లు వదిలితే అది విడిది. చాలా దేశాల చట్టాలు, పురపాలికల ఏర్పాట్లు, రైతుల ఆతిథ్య పథకాలు ఈ తేడా మీదే నడుస్తున్నాయి. కాబట్టి మజిలీని వెతకడమంటే మ్యాపులో ఖాళీ జాగా చూసుకోవడం ఒక్కటే కాదు. ఆ జాగా గీతకు ఏ పక్కన ఉందో, అక్కడ ఎంతవరకు చెల్లుతుందో తెలుసుకోవడం అందులో ప్రధాన భాగం. ప్రయాణికులు ఆ గీతను గౌరవించిన ప్రాంతాల్లో మజిలీలు పెరిగాయి, చెరిపిన తీరాల్లో నిషేధాలు వచ్చాయి. ఈ వ్యాసం ఆ సంబంధాన్ని చరిత్ర, చట్టం, సౌకర్యాలు, వినియోగం అనే నాలుగు కోణాల నుంచి పరిశీలిస్తుంది.

చరిత్ర

ఇంటిని బండి మీద పెట్టుకుని విహారానికి వెళ్లే అలవాటు యూరప్‌లో గుర్రాల కాలంలోనే మొదలైంది. స్కాట్లండ్‌కు చెందిన రచయిత గార్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ చేత ది వాండరర్ అనే గుర్రపు క్యారవాన్ కట్టించుకుని బ్రిటన్‌లో తిరిగారు. 1907లో అక్కడే క్యారవాన్ క్లబ్ ఏర్పడింది. జర్మనీలో అరిస్ట్ డెత్‌లెఫ్స్ 1931లో కారు వెనుక లాక్కెళ్లే ఇంటిబండిని నిర్మించారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఫోక్స్‌వాగన్ వ్యానులో అమర్చే క్యాంపింగ్ పెట్టెను తయారుచేసింది. దాంతో ఇల్లు, ఇంజను ఒకే వాహనంలోకి చేరాయి. 1970ల నుంచి హైమర్ వంటి సంస్థలు మోటర్‌హోమ్‌లను పెద్ద సంఖ్యలో తయారుచేయడంతో మధ్యతరగతి కుటుంబాలకూ అవి అందుబాటులోకి వచ్చాయి.

రాత్రి మజిలీ అవసరం పుట్టింది ఈ మార్పు వల్లనే. లాగుడు క్యారవాన్‌తో వెళ్లేవారు సాధారణంగా క్యాంప్‌సైట్ చేరి, బండిని అక్కడ వదిలి, కారులో ఊళ్లు చూసి వస్తారు. మోటర్‌హోమ్‌లో వెళ్లేవారికి కారూ ఇల్లూ ఒకటే కాబట్టి రోజుకో ఊరు మారడం తేలిక. వారంలో ఐదు ఊళ్లు తిరిగే కుటుంబానికి క్యాంప్‌సైట్‌లోని ఈతకొలను, పిల్లల ఆటస్థలం అక్కరకు రావు. నీళ్లు, మురుగు పారబోసే చోటు, ఊరికి నడిచి వెళ్లగలిగే దూరం ఉంటే చాలు. 1980ల నుంచి ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీలలోని పురపాలికలు ఈ అవసరాన్ని గుర్తించి ఊరి చివర, నది ఒడ్డున, మైదానాల పక్కన ప్రత్యేక స్థలాలు కేటాయించసాగాయి. 1993లో మొదలైన ఫ్రాన్స్ పాసియన్ పథకం ద్రాక్షతోటలు, పొలాలు, జున్ను తయారీ కేంద్రాల యజమానులను ఈ వ్యవస్థలోకి తెచ్చింది. 2011లో ఫ్రాన్స్‌లోనే స్థాపితమైన కాంపింగ్-కార్ పార్క్ సంస్థ, పురపాలికల తరఫున గేటు, కార్డు సాయంతో నడిచే మజిలీల వరుసను నిర్మించింది. కోవిడ్ కాలంలో హోటళ్లకు దూరంగా ఉండాలనుకున్న కుటుంబాలు ఇటు మళ్లాయి. జర్మనీలో 2019లో దాదాపు 54 వేల కొత్త మోటర్‌హోమ్‌లు నమోదైతే, 2020లో ఆ సంఖ్య 78 వేలు దాటింది. వాహనాలు పెరిగినంత వేగంగా స్థలాలు పెరగలేదు. నేటి వివాదాల్లో చాలా వాటికి మూలం ఈ తేడాయే.

చట్టపరమైన స్థితి

యూరప్ మొత్తానికి వర్తించే ఒకే చట్టం లేదు. వాహన ప్రమాణాలను ఐరోపా సమాఖ్య నిర్ణయిస్తుంది. వాహనంలో రాత్రి నిద్రపోవచ్చా అన్న ప్రశ్నను మాత్రం ఆయా దేశాలు, రాష్ట్రాలు, పురపాలికలు తేలుస్తాయి. నిలపడానికీ విడిది చేయడానికీ ఉన్న తేడాను అతి స్పష్టంగా చెప్పిన దేశం ఇటలీ. 1991 నాటి 336వ చట్టం, దాని తరవాత వచ్చిన 1992 రహదారి స్మృతిలోని 185వ అధికరణం మూడు షరతులు పెట్టాయి. వాహనం చక్రాల మీద తప్ప మరి దేని మీదా నేలకు ఆనకూడదు. ఇంజను పొగ తప్ప మరే వ్యర్థమూ బయటికి రాకూడదు. తన కొలతకు మించి రోడ్డును ఆక్రమించకూడదు. ఈ మూడూ పాటించినంత వరకు అది విడిది కాదని చట్టమే చెబుతోంది. దానికి బదులుగా, నిర్ణీత కేంద్రాల్లో తప్ప మురుగు పారబోయకూడదన్న నిషేధమూ అదే అధికరణంలో ఉంది. స్పెయిన్ ట్రాఫిక్ శాఖ 2008లో జారీ చేసిన 08/వి-74 సూచన కూడా ఈ దారినే నడిచింది. అయితే అక్కడి 1988 తీరప్రాంత చట్టం సముద్రతీర ప్రజాస్థలాల్లో విడిదిని నిషేధిస్తుంది కనుక, ఊరి వీధిలో చెల్లేది ఇసుక ఒడ్డున చెల్లదు.

ఫ్రాన్స్ రహదారి స్మృతి మోటర్‌హోమ్‌ను ఇతర వాహనాల్లాగే చూస్తుంది. ప్రజా రహదారిలో ఒకే చోట ఏడు రోజులకు మించి నిలిపితే అది దుర్వినియోగం కిందకు వస్తుంది. మేయర్లు స్థానిక అవసరాల మేరకు ఇంతకంటే కఠినమైన ఆంక్షలు విధించవచ్చు. సముద్రతీరాలు, రక్షిత ప్రదేశాల విషయంలో పట్టణ ప్రణాళికా స్మృతి విడిదిని అడ్డుకుంటుంది. జర్మనీలో అలసిన డ్రైవరు తిరిగి బండి నడపగల స్థితికి వచ్చేందుకు సాధారణ పార్కింగ్‌లో ఒక రాత్రి ఆగడం చెల్లుతుంది. దీనికి పది గంటల పరిమితి ఉందని చాలామంది చెప్పుకుంటారు కానీ అది వాడుకలోని అంచనాయే తప్ప చట్టంలో రాసిన అంకె కాదు. నెదర్లాండ్స్‌లో పురపాలక నిబంధనల వల్ల నిర్దేశించిన చోట్ల తప్ప రాత్రి ఉండడం సాధారణంగా కుదరదు. క్రొయేషియాలో అనుమతి లేని విడిదికి గట్టి జరిమానాలు ఉన్నాయి.

ఉత్తర దేశాల విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. నార్వే, స్వీడన్, స్కాట్లండ్‌లలో ప్రకృతిలో స్వేచ్ఛగా సంచరించే హక్కు ప్రజలందరికీ ఉంది కాబట్టి అక్కడ మోటర్‌హోమ్‌ను ఎక్కడైనా నిలపవచ్చని చాలామంది అనుకుంటారు. నార్వేలో 1957 నాటి బహిరంగ విహార చట్టం నివాసాలకు 150 మీటర్ల అవతల గుడారం వేసుకునే హక్కును గుర్తించింది. కానీ సాగులో లేని నేలలోకి మోటారు వాహనం తోలడాన్ని వేరే చట్టం నిషేధిస్తుంది. స్వీడన్‌లోనూ రోడ్డు దాటి వాహనం నడపడంపై నిషేధం ఉంది. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ఇచ్చిన ప్రవేశ హక్కు మోటారు వాహనాలకు వర్తించదు. లోక్ లోమండ్, ట్రోసాక్స్ జాతీయ వనంలో 2017 నుంచి అమలవుతున్న ఉపనిబంధనలు, మార్చి నుంచి సెప్టెంబరు వరకు కొన్ని మండలాల్లో వాహనంలో నిద్రించడానికి కూడా అనుమతి కావాలంటాయి. నడిచి వెళ్లే మనిషికి ఉన్న హక్కు ఆ మనిషి వాహనానికి లేదన్నది ఈ చట్టాలన్నింటి సారాంశం.

చట్టం ఎంత త్వరగా మారగలదో పోర్చుగల్ చూపింది. అట్లాంటిక్ తీరంలో వాహనాల గుంపులపై ఫిర్యాదులు పెరిగాక, 2021 ఆరంభం నుంచి అనుమతి ఉన్న స్థలాల్లో తప్ప వాహనంలో రాత్రి ఉండడాన్ని దేశమంతటా నిషేధించింది. మోటర్‌హోమ్ సంఘాల నిరసన తరవాత అదే ఏడాది ఆగస్టులో 66/2021 చట్టం దాన్ని సడలించింది. రక్షిత ప్రకృతి మండలాల్లో, తీర ప్రణాళికా ప్రాంతాల్లో నిషేధం కొనసాగింది. మిగతా చోట్ల ఒక పురపాలిక పరిధిలో 48 గంటల వరకు ఉండవచ్చు. ఈ ఎనిమిది నెలల అనుభవం రెండు పక్షాలకూ పాఠమే. అదుపు లేని రాకలు నిషేధాన్ని తెచ్చాయి, పూర్తి నిషేధం అమలుకు నిలవలేదు, చివరికి కాలపరిమితి, స్థలపరిమితి ఉన్న ఏర్పాటు మిగిలింది.

రకాలు

పురపాలక మజిలీలు ఈ వ్యవస్థకు వెన్నెముక. ఫ్రాన్స్‌లోని చిన్న పల్లెల్లో చర్చి వెనుకో, క్రీడా మైదానం పక్కనో నాలుగైదు వాహనాలకు చోటు, ఒక నీళ్ల స్తంభం ఉంటాయి. కొన్ని చోట్ల రుసుము ఉండదు, చాలా చోట్ల ఒక రాత్రికి 5 నుంచి 20 యూరోల మధ్య ఉంటుంది. జర్మనీలో వేడినీటి స్నానాల పట్టణాలు ఈ మజిలీలను తమ ఆరోగ్య పర్యాటకంతో కలిపాయి. బాట్ డ్యూర్‌హైమ్‌లో ఉప్పునీటి స్నానశాలకు నడక దూరంలోనే విశాలమైన మోటర్‌హోమ్ ప్రాంగణం ఉంది. అలాంటి పట్టణాల్లో రుసుముతో పాటు విహారపు పన్ను కూడా కట్టాలి. మోసెల్ లోయలో బెర్న్‌కాస్టెల్-కూస్, ట్రాబెన్-ట్రార్బాఖ్ వంటి ద్రాక్షసారా ఊళ్లలో నది అంచునే మజిలీలు కనిపిస్తాయి. చలికాలంలో, వసంతంలో నది పొంగితే అవి మునిగే ప్రమాదం ఉంది కనుక అప్పుడు వాటిని మూసివేస్తారు.

రెండో రకం ఆతిథ్య మజిలీలు. ఫ్రాన్స్ పాసియన్, జర్మనీలోని లాండ్‌ఫెర్‌గ్న్యూగెన్, ఇటలీలోని ఫత్తోరె అమీకో ఈ కోవకు చెందినవి. ఏటా చందా కట్టి సభ్యులైనవారు రైతు ఆవరణలో ఒక రాత్రి, దాదాపు 24 గంటలు, రుసుము లేకుండా ఉండవచ్చు. వాహనంలో సొంత మరుగుదొడ్డి ఉండడం, సభ్యత్వపు స్టిక్కరు అద్దం మీద కనిపించడం, దిగగానే ఇంటివారిని పలకరించడం ఇందులోని షరతులు. ఏదైనా కొనాలన్న బలవంతం లేదు. అయినా ఒక ద్రాక్షసారా సీసానో, జున్ను ముక్కో కొనడం అతిథులు ఆనవాయితీగా పాటిస్తారు. ఈ పథకాల్లో రైతు నీళ్లు, కరెంటు ఇవ్వవలసిన పని లేదు. అతను ఇచ్చేది చోటు మాత్రమే.

మూడో రకం ప్రైవేటు, సంస్థాగత మజిలీలు. ఇందులో స్వయంచాలిత గేట్లతో నడిచే వరుసలు, ఓడరేవుల పక్కన, పర్వత లిఫ్టుల దగ్గర ఉన్న ప్రాంగణాలు వస్తాయి. బ్రిటన్‌లో 1960 క్యారవాన్ స్థలాల చట్టం ఇచ్చిన మినహాయింపు కింద, గుర్తింపు పొందిన క్లబ్బుల సభ్యులకు అయిదు వాహనాలకు మించని చిన్న పొలాల మజిలీలు ఉన్నాయి. పల్లె పబ్బుల ప్రాంగణాల్లో భోజనం చేసి రాత్రి ఉండిపోయే వాడుకా ఉంది. నాలుగో రకాన్ని క్యాంప్‌సైట్లే అందిస్తున్నాయి. డెన్మార్క్‌లోని క్విక్‌స్టాప్ పద్ధతిలో రాత్రి 8 గంటల తరవాత వచ్చి ఉదయం 10 గంటల లోపు వెళ్లేవారికి తక్కువ ధర ఉంటుంది. ఇక మోటారు రహదారుల పక్కన ఉండే విశ్రాంతి స్థలాలను ఈ వర్గీకరణలో చేర్చకూడదు. ఫ్రాన్స్‌లో వాటినీ ఎర్ అనే అంటారు గాని, అవి దారిలో కాసేపు అలసట తీర్చుకోవడానికి ఏర్పడినవి. అక్కడ నిద్రిస్తున్న వాహనాల్లో దొంగతనాలు జరిగిన కారణంగా మోటర్‌హోమ్ క్లబ్బులు రాత్రి బసకు వాటిని ఎంచుకోవద్దని హెచ్చరిస్తాయి.

సౌకర్యాలు, పనిచేసే తీరు

మజిలీకి కేంద్రం అక్కడి సేవా స్తంభం. యూరో-రెలే, ఫ్లో బ్లూ, సాని స్టేషన్ వంటి పేర్లతో ఇవి కనిపిస్తాయి. పూర్తి స్తంభం నాలుగు పనులు చేస్తుంది: మంచినీళ్లు ఇవ్వడం, వాడిన నీటిని తీసుకోవడం, మరుగుదొడ్డి క్యాసెట్ ఖాళీ చేయించడం, కరెంటు అందించడం. వంటింటి తొట్టి, స్నానపు గది నుంచి వచ్చే నీరు వాహనం అడుగున ఉన్న ట్యాంకులో చేరుతుంది. దాన్ని నేలలోని జల్లెడ మీదికి బండి తోలి వదలాలి. మరుగుదొడ్డి క్యాసెట్ దాదాపు 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. దాన్ని బయటి తలుపు గుండా తీసి, వేరే నోరున్న గుంటలో పోసి కడగాలి. ఇద్దరు మనుషులకు అది రెండు మూడు రోజుల్లోనే నిండుతుంది. ఒక మోటర్‌హోమ్ ఎన్ని రోజులు ఊరి సాయం లేకుండా ఉండగలదో నీళ్ల ట్యాంకు కంటే ముందు ఈ క్యాసెట్టే నిర్ణయిస్తుంది. స్తంభాలకు నాణేలు, బ్యాంకు కార్డు, లేదా టోకెన్లు కావాలి. టోకెన్లను పర్యాటక కార్యాలయమో రొట్టెల దుకాణమో అమ్ముతుంది కాబట్టి, ఆదివారం సాయంత్రం చేరినవారికి అవి దొరక్కపోవచ్చు. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతాల్లో శీతాకాలమంతా నీటి కొళాయిలను కట్టివేస్తారు.

కరెంటు 230 వోల్టులు, నీలి రంగు మూడు పిన్నుల పారిశ్రామిక ప్లగ్గు ద్వారా అందుతుంది. అది 6, 10, 16 ఆంపియర్లలో ఏదో ఒకటిగా ఉంటుంది. 6 ఆంపియర్ల కనెక్షన్ ఇచ్చేది 1,380 వాట్లే. 2,000 వాట్ల నీళ్ల కెటిల్ పెడితే ఫ్యూజు పోతుంది. కప్పు మీద సౌర ఫలకాలు, లోపల అదనపు బ్యాటరీ ఉన్న వాహనాలకు వేసవిలో ఈ కనెక్షన్ అవసరమే ఉండదు. పెట్రోలు జనరేటర్లను చాలా మజిలీలు నిషేధించాయి. మరుగుదొడ్డిలో వేసే రసాయనాల ఎంపిక కూడా ముఖ్యమే. ఫార్మాల్డిహైడ్ ఉన్న ద్రవాలు, పల్లెల్లోని చిన్న మురుగు శుద్ధి కేంద్రాల్లో మలినాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతాయి. అందుకే జర్మనీలోని నీలి దేవదూత పర్యావరణ ముద్ర వంటి గుర్తులు ఉన్న ద్రవాలను వాడాలని సూచిస్తారు. వేల జనాభా ఉన్న పట్టణం ఈ రసాయనాన్ని తట్టుకోవచ్చు, మూడు వందల గడపల పల్లె తట్టుకోలేదు. మజిలీలు ఎక్కువగా ఉండేది అలాంటి పల్లెల్లోనే.

మజిలీని వెతికే విధానం

ఒకప్పుడు అచ్చు మార్గదర్శకాలే ఆధారం. జర్మనీలో బోర్డ్ అట్లాస్, బ్రిటన్ పాఠకుల కోసం విడుదలయ్యే ఆల్ ది ఎర్స్ వంటివి నేటికీ వాడుకలో ఉన్నాయి. పరిశీలకులు స్వయంగా వెళ్లి చూసి రాసినవి కనుక వీటిలో కొలతలు, నిబంధనలు నమ్మదగ్గవి. కానీ అచ్చయిన నాటి నుంచే అవి పాతబడతాయి. మొబైల్ యాప్‌లు ఈ లోటును తీర్చాయి. పార్క్‌ఫర్‌నైట్‌లో వాడుకరులు చేర్చిన స్థలాలు, వ్యాఖ్యలు, ఫొటోలు ఉంటాయి. క్యాంపర్‌కాంటాక్ట్ నెదర్లాండ్స్‌లోని మోటర్‌హోమ్ క్లబ్బు ఎన్‌కేసీతో ముడిపడినది. జర్మనీలో ప్రోమొబిల్ పత్రిక సొంత సూచికను నడుపుతోంది. ఈ రెండు రకాల ఆధారాలను కలిపి వాడడం మేలు. యాప్‌లో కనిపించే గుర్తు ఆ చోట ఎవరో ఒకరు ఒక రాత్రి నిద్రపోయారన్నదానికి సాక్ష్యం, అనుమతికి మాత్రం కాదు. అందుకే వ్యాఖ్యల తేదీలు చూడాలి, గత సీజన్‌లోని మాటలకు ఎక్కువ బరువివ్వాలి, ప్రవేశం దగ్గరున్న బోర్డును యాప్ కంటే పై ప్రమాణంగా తీసుకోవాలి.

స్థలం ఎంపికలో మూడు భౌతిక ప్రశ్నలు ముందుగా తేల్చుకోవలసినవి. మొదటిది కొలత. సాధారణ మోటర్‌హోమ్ 6 నుంచి 7.5 మీటర్ల పొడవు, 3 మీటర్లకు దగ్గర ఎత్తు ఉంటుంది. ఊళ్లలోని అనేక పార్కింగ్‌లకు రెండు మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ ఉంటుంది. రెండోది దారి. ఇటలీ పాత పట్టణాల నడిబొడ్డున అనుమతి లేని వాహనాలను కెమెరాలతో పట్టే నియంత్రిత మండలాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో క్రిట్‌ఎర్ స్టిక్కరు, జర్మనీలో పర్యావరణ స్టిక్కరు అడిగే నగరాలు ఉన్నాయి. మజిలీ చట్టబద్ధమైనా దాన్ని చేరే వీధి కాకపోవచ్చు. మూడోది సమయం. చాలా మజిలీల్లో ముందస్తు బుకింగ్ ఉండదు, ముందు వచ్చినవారికే చోటు. జులై, ఆగస్టు నెలల్లో తీరప్రాంతాల్లో మధ్యాహ్నానికే నిండిపోతాయి. సాయంత్రం నాలుగు లోపు చేరాలనుకోవడం, ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపల మరో రెండు ప్రత్యామ్నాయాలు ముందే చూసి పెట్టుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. తీరానికి కాస్త లోపల ఉన్న పల్లెను ఎంచుకుంటే చోటు దొరికే అవకాశం, రాకను స్వాగతించే మనుషులు రెండూ ఎక్కువే.

చేరాక పాటించవలసినవి చట్టంలోని గీత నుంచే వస్తాయి. మజిలీ నిబంధనలు అనుమతిస్తే తప్ప పంచ దించకూడదు, కుర్చీలు బయట వేయకూడదు. గీసిన గడిలోనే బండి ఉండాలి. చెత్తను నిర్దేశించిన డబ్బాల్లోనే వేయాలి. సేవా స్తంభం వరుసలో ఒకరి పని పూర్తికాగానే బండి తీసి, వెనకవారికి చోటివ్వాలి. క్యాసెట్ కడిగే కొళాయికి మంచినీటి గొట్టం తగిలించకూడదు. ఇది మర్యాదే కాదు, ఆరోగ్య రక్షణ కూడా.

ఆర్థిక ప్రాధాన్యం, అభ్యంతరాలు

మజిలీల మీద వచ్చే మొదటి అభ్యంతరం క్యాంప్‌సైట్ యజమానులది. తాము అనుమతులు తెచ్చుకుని, స్నానపు గదులు కట్టి, పన్నులు కడుతుంటే, పురపాలిక ప్రజల సొమ్ముతో చవకైన పోటీ పెడుతోందన్నది వారి వాదన. ఇందులో బలం ఉంది. ఫ్రాన్స్‌లో 20 మందికి మించి గానీ, ఆరుకు మించిన గుడారాలకు, క్యారవాన్లకు గానీ చోటిచ్చే క్యాంప్‌సైట్‌కు నిర్మాణ స్థాయి అనుమతి కావాలి. బహిరంగ పార్కింగ్‌కు 10 నుంచి 49 గడుల వరకు ముందస్తు ప్రకటన సరిపోతుంది. నియమాల బరువు సమానంగా లేదన్నది నిజం. అయితే రెండూ అమ్మే సరుకు ఒకటే అయితేనే ఈ అసమానత అన్యాయం అవుతుంది. ఒక రాత్రి ఆగి పొద్దున్నే వెళ్లే ప్రయాణికుడికి క్యాంప్‌సైట్ సేవలు పెద్దగా అవసరం లేదు. పది రోజులు ఉండే కుటుంబానికి మజిలీ చాలదు. మజిలీలో బస 24 లేదా 48 గంటలకు పరిమితమైనంత కాలం ఈ వాదన తేలికవుతుంది, పరిమితి అమలు కాని చోట బలపడుతుంది. కాబట్టి దీనికి జవాబు మజిలీలను మూసివేయడంలో కాక, గడువును నిజంగా అమలు చేయడంలో ఉంది. డెన్మార్క్ క్యాంప్‌సైట్లు ఒక్క రాత్రి ధరను తామే పెట్టి ఈ పోటీని ఎదుర్కోవడం మరో మార్గం.

రెండో అభ్యంతరం నివాసులది. వాహనాలు తీరదృశ్యానికి అడ్డు వస్తాయి, మురుగు వదులుతాయి, ఊరికి ఒక్క యూరో మిగల్చవు అంటారు. మురుగు విషయంలో ఈ ఫిర్యాదు తరచూ నిజమే. కానీ క్యాసెట్ రెండు మూడు రోజుల్లో నిండడం భౌతిక సత్యం. పారబోయడానికి చట్టబద్ధమైన చోటు లేని జిల్లాలో నిషేధపు బోర్డు మురుగును మాయం చేయదు, కంటపడని చోటికి తరలిస్తుంది. సేవా స్తంభం లేకుండా విధించిన నిషేధం సమస్యను పక్క ఊరికి పంపుతుంది. డబ్బు మిగల్చరన్న మాటకు ఆతిథ్య పథకాలే జవాబు. ద్రాక్షసారా, జున్ను, రొట్టె కొనే అతిథి కోసమే రైతులు చోటిస్తున్నారు, లాభం లేకపోతే ఫ్రాన్స్ పాసియన్ మూడు దశాబ్దాలు నిలిచేది కాదు. ఇటలీలో క్యారవాన్, క్యాంపర్ తయారీదారుల సంఘం పోటీ పెట్టి, కొత్త మజిలీలు నిర్మించే పురపాలికలకు ఆర్థిక సహాయం ఇస్తోంది. ఏటా జనం తగ్గుతున్న లోపలి పల్లెలకు, సీజన్ కాని నెలల్లోనూ వచ్చే ఈ ప్రయాణికులు దుకాణాన్ని తెరిచి ఉంచే ఆధారం కాగలరు.

మూడో అభ్యంతరం ప్రయాణికుల నుంచి వస్తుంది. రోడ్డు అందరిదీ, పన్ను కట్టిన వాహనంలో ఎక్కడ నిద్రపోతే ఏమిటి, గడి గీసి రుసుము అడగడం స్వేచ్ఛకు భంగం అని కొందరు వాదిస్తారు. ఒక కొండ మలుపులో ఒకే వాహనం రాత్రి నిలిస్తే ఎవరికీ నష్టం లేదన్నది ఒప్పుకోదగిన మాట. కానీ ఆ మలుపు ఫొటో యాప్‌లోకి ఎక్కిన తరవాత అక్కడ నిలిచేది ఒకే వాహనం కాదు. ఒక్కొక్కరి పని హానిలేనిదే అయినా అందరి పనుల మొత్తం హాని చేస్తుందని పోర్చుగల్ తీరం, లోక్ లోమండ్ తీరం రెండూ నిరూపించాయి. రెండు చోట్లా నిషేధం తెచ్చింది ఒక వాహనం కాదు, వాహనాల సంఖ్య. అలాంటి పరిస్థితిలో గడి, గడువు, రుసుము స్వేచ్ఛకు శత్రువులు కావు. ఆ స్వేచ్ఛ తరవాతి ప్రయాణికుడికి కూడా మిగలడానికి అవసరమైన షరతులు.

భారతదేశం నుంచి వెళ్లేవారికి సంబంధించిన అంశాలు

తెలుగువారిలో ఉద్యోగరీత్యా జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో స్థిరపడినవారు, వారిని చూడడానికి వచ్చే తల్లిదండ్రులు అద్దె మోటర్‌హోమ్‌లో తిరగాలనుకుంటే కొన్ని అదనపు విషయాలు గమనించాలి. షెంగెన్ స్వల్పకాల వీసా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వదు. బ్రిటన్, ఐర్లండ్ ఆ పరిధిలో లేవు. భారత లైసెన్సుతో పాటు, ఏడాది చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను బయలుదేరే ముందే రవాణా శాఖ కార్యాలయం నుంచి తీసుకోవాలి. అద్దె వాహనాల్లో చాలా వరకు 3,500 కిలోల లోపువి. నీళ్లు, సామాను, మనుషులతో కలిపిన బరువు ఆ హద్దు దాటితే జరిమానా పడుతుంది. ఆతిథ్య పథకాల్లో చేరేందుకు వాహనం సొంతమై ఉండనక్కర లేదు, అందులో మరుగుదొడ్డి ఉంటే చాలు.

మూల్యాంకనం

యూరప్ రాత్రి మజిలీల అనుభవాన్ని మొత్తంగా చూస్తే, స్థలాల సంఖ్య కంటే వాటి నిబంధనల స్పష్టతే ఈ వ్యవస్థను ఎక్కువగా కాపాడిందని తెలుస్తుంది. ఇటలీ మూడు షరతులు, ఫ్రాన్స్ పల్లెల సేవా స్తంభాలు, రైతుల 24 గంటల ఆతిథ్యం, పోర్చుగల్ 48 గంటల పరిమితి వేరు వేరు దారుల్లో ఒకే సూత్రాన్ని చేరాయి: వచ్చినవాడు తన వ్యర్థాన్ని సరైన చోట వదిలి, గడువులోగా వెళ్లిపోతే ఊరు అతనికి చోటిస్తుంది. వాహనాల సంఖ్య ఇంకా పెరిగే సూచనలే ఉన్నాయి కనుక, పురపాలికలు స్తంభాలూ గడులూ పెంచడం, యాప్‌లు నిషిద్ధ స్థలాలను తొలగించడం, ప్రయాణికులు బోర్డును గౌరవించడం మూడూ కలిసి జరగాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెంటి మీద భారం పడుతుంది.